తీరంలో సముద్రం రంగు మారినప్పుడు ఏం చూడాలి, ఎలా రాసిపెట్టాలి

ఇచ్ఛాపురం వైపు బాహుదా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) నుంచి విజయనగరం జిల్లా కోనాడ దగ్గర చంపావతి మొగ దాకా ఉన్న తీరంలో అప్పుడప్పుడు నీరు పచ్చగానో, ఎర్రగానో, గోధుమ రంగులోనో మారడం మత్స్యకారులకు కొత్త కాదు. మారిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఏదో కర్మాగారం రసాయనం వదిలిందనేది ఒకటి, అంతా వాతావరణ మార్పు పుణ్యమేననేది రెండోది. ఒక్కోసారి ఇందులో ఏదో ఒకటి నిజమే అవుతుంది, చాలాసార్లు రెండూ తొందరపాటు మాటలే అవుతాయి. నిజం తేలాలంటే పొలాల్లో ఎరువు ఎప్పుడు పడింది, వాన ఎప్పుడు కురిసింది, నది ఎప్పుడు పొంగింది, సముద్రం ఎప్పుడు రంగు మారింది అన్న నాలుగు సంగతులనూ ఒకే పుస్తకంలో తేదీల వారీగా రాసిపెట్టుకోవాలి. ఆ పుస్తకం ఎలా రాయాలో, దాన్నుంచి ఏం తేల్చవచ్చో, ఏం తేల్చకూడదో ఇక్కడ వివరిస్తున్నాను. తీర మండలాల సైన్సు ఉపాధ్యాయులకు, ఆక్వా రైతులకు, వేటకు వెళ్ళే కుటుంబాల్లోని చదువుకున్న యువకులకు ఇది అందుబాటులో ఉన్న పనే.

ఎరువుకూ ఎండకూ సంబంధం

సముద్రపు నీటిలో కంటికి కనిపించనంత చిన్న ఆల్గే (నాచు జాతి) ఎప్పుడూ ఉంటుంది. కవ్వళ్ళు, నెత్తళ్ళు మొదలుకొని చందువ దాకా అన్ని చేపల మేతకూ మూలం అదే కాబట్టి దాన్ని శత్రువుగా చూడనవసరం లేదు. దానికి ఎండతో పాటు నత్రజని, భాస్వరం కావాలి. డయాటమ్‌లనే వర్గానికి సిలికా కూడా కావాలి. ఒక భాస్వరం పరమాణువుకు సుమారు 16 నత్రజని పరమాణువుల చొప్పున సముద్రపు ఆల్గేలో ఉంటాయని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తించిన నిష్పత్తి నేటికీ లెక్కలకు ఆధారం. నదులు తెచ్చే సిలికా పెరగకుండా నత్రజని, భాస్వరం మాత్రమే పెరిగితే డయాటమ్‌లు వెనకబడి, చేపలకు అంతగా పనికిరాని, కొన్ని సందర్భాల్లో విషం కూడా ఉండే వర్గాలు ముందుకు వస్తాయి.

ఇప్పుడు పొలం సంగతి చూద్దాం. ఒక 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. వరి పైరు అందులో సాధారణంగా మూడో వంతు నుంచి నలభై శాతం వరకే వాడుకుంటుంది. మిగిలిన దానిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నేలలో ఇంకుతుంది, కొంత మడి నీటితో పాటు గెడ్డ(వాగు)లోకి పోతుంది. ఉబాలు (నాట్లు) అయ్యాక పైపాటుగా యూరియా చల్లిన మొదటి కొద్ది రోజుల్లో మడి నీటిలో నత్రజని అత్యధికంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో కుండపోత పడి గట్లు పొర్లితే, రైతు డబ్బూ పోతుంది, గెడ్డ నీటిలో పోషకమూ పెరుగుతుంది. భాస్వరం దారి వేరు. అది ఎక్కువగా మట్టి రేణువులను అంటిపెట్టుకుని కదులుతుంది కనుక, నేల కోతకు గురయ్యే ఎర్ర వరదలోనే అధికంగా వస్తుంది.

వాతావరణ మార్పు ఇందులోకి ప్రవేశించే మొదటి ద్వారం వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువల్ల వాన కురిసినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కురవడం, మధ్యలో పొడి రోజులు సాగడం అనే తీరు బలపడుతుంది. పొడి రోజుల్లో పొలంలోనూ మురుగు కాలువల్లోనూ పోగుపడిన పోషకమంతా ఒక్క వానకు కడుక్కుపోతుంది. కాబట్టి ఎరువు మోతాదు పెరగకపోయినా సముద్రానికి చేరే భాగం పెరగవచ్చు. అమెరికా నదుల విషయంలో ఇదే లెక్కను 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కట్టింది. ఉద్గారాలు అదుపు లేకుండా సాగితే వాన తీరులో మార్పు ఒక్కదాని వల్లే ఈ శతాబ్దాంతానికి నదుల్లో చేరే నత్రజని సుమారు 19 శాతం పెరుగుతుందని అంచనా వేసి, భారతదేశం వంటి చోట్ల కూడా ఈ ముప్పు ఉందని హెచ్చరించింది. ఆ 19 శాతం వంశధారకు వర్తించే అంకె కాదు. పద్ధతి మాత్రం వర్తిస్తుంది.

రెండో ద్వారం ఎండ. వేడి నీరు తేలికై పైపొరగా నిలుస్తుంది. నదుల మంచినీరు అంతకన్నా తేలిక. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ వచ్చి కలిసే బంగాళాఖాతంలో ఈ పైపొర, అడుగు నీటితో కలవకుండా మొండిగా నిలబడుతుంది. దీని ఫలితం ఒడ్డున ఒక రకంగా, లోతు సముద్రంలో మరో రకంగా ఉంటుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. లోతు సముద్రంలో అడుగు నుంచి పోషకం పైకి రాక ఆల్గే తగ్గే అవకాశం ఉంటే, నదీ మొగల దగ్గర పైనుంచే పోషకం అందుతుంది కనుక అక్కడ పెరిగే అవకాశం ఉంది. పెరిగిన ఆల్గే చచ్చి అడుగుకు చేరి కుళ్ళేటప్పుడు ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. పైపొర కలవనివ్వదు కాబట్టి అడుగుకు కొత్త ఆక్సిజన్ రాదు. పైగా వేడి నీరు పట్టుకోగల ఆక్సిజన్ కూడా తక్కువే. మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే కరుగుతుంది. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా కిందికి పడిపోయిన నీటిని శాస్త్రజ్ఞులు ఆక్సిజన్ కరువు ఉన్న నీరుగా లెక్కిస్తారు. ఆ స్థితి వచ్చాక అడుగు మట్టిలో ఇనుముతో కలిసి బందీగా ఉన్న భాస్వరం విడుదలై, మరుసటి ఆల్గేకు ఎరువవుతుంది.

పుస్తకంలో రాయవలసినవి

ఒకే చోటును ఎంచుకుని దాన్ని మార్చకుండా ఉండడం మొదటి నియమం. కళింగపట్నంలో వంశధార మొగ, కల్లేపల్లి దగ్గర నాగావళి మొగ, బారువలో మహేంద్రతనయ మొగ, భావనపాడు ఉప్పుటేరు, కోనాడ వంటి చోట్లలో మీకు దగ్గరైనది తీసుకోండి. మొగకు లోపల ఒక చోట, బయట అలల అవతల ఒక చోట కొలవగలిగితే మరీ మంచిది. వారానికి ఒకసారి సరిపోతుంది, కానీ గట్టి వాన పడ్డాక మూడు వారాల పాటు రెండు మూడు రోజులకోసారి చూడాలి.

తేదీ, సమయం, పోటా పాటా అన్నది తప్పకుండా రాయాలి. పాటులో మొగ దగ్గర కొలిచేది నది నీరు, పోటులో కొలిచేది సముద్రపు నీరు. ఈ ఒక్క వివరం లేకపోతే మిగతా అంకెలకు విలువ ఉండదు. గాలి దిక్కు, మొగ తెరిచి ఉందా ఇసుకతో పూడిందా అన్నది కూడా రాయండి. వేసవిలో చిన్న గెడ్డల మొగలు పూడిపోయినప్పుడు లోపల పోషకం నిలవ ఉండి, తొలి వరదకు మొగ తెగగానే ఒక్కసారిగా బయటికి వస్తుంది. మొగ తెరుచుకోవడం ఎంత తేడా తెస్తుందో మన సరిహద్దు అవతల ఒడిశాలోని చిలికా సరస్సులో చూడవచ్చు. అక్కడ 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాక ఉప్పు పెరిగి మంచినీటి కలుపు తగ్గింది.

నీటి స్పష్టత కొలవడానికి సెక్కీ పళ్ళెం వాడాలి. వనామీ రొయ్యల చెరువుల దగ్గర రైతులు వాడేది ఇదే. కొత్తగా చేసుకోవాలంటే ఎనిమిది అంగుళాల గుండ్రటి రేకును నాలుగు భాగాలుగా నలుపు తెలుపు రంగులు వేసి, మధ్య రంధ్రం నుంచి సాగని తాడు కట్టి, కింద బరువు వేలాడదీసి, తాడుకు పది సెంటీమీటర్లకో ముడి వేస్తే చాలు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు, పడవ నీడ పడే పక్కన దించాలి. పళ్ళెం కనుమరుగైన లోతును, తిరిగి పైకి లాగేటప్పుడు కనిపించిన లోతును రాసి సగటు తీయాలి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చూడకూడదు.

ఉష్ణోగ్రతకు మామూలు థర్మామీటరు, ఉప్పు శాతానికి ఆక్వా రైతుల దగ్గర ఉండే రిఫ్రాక్టోమీటరు చాలు. ఆక్సిజన్ మీటరు ఉంటే రోజుకు ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు. ఉప్పుటేరులో ఆల్గే మధ్యాహ్నం ఆక్సిజన్‌ను విడుదల చేసి, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. అందుచేత తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య ఒకసారి కొలిచి రెండింటి తేడా రాయాలి. రాత్రిళ్ళు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎందుకు తిప్పుతామో తెలిసిన రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ తేడా వారం వారం పెరుగుతూ పోతే, రంగు ఇంకా మారకపోయినా, ఆల్గే పొంగు (ఒక్కసారిగా విపరీతంగా పెరగడం) వస్తోందని అర్థం.

వాన అంకెలను సొంతంగా కొలవనవసరం లేదు. మండల వర్షమాపకాల లెక్క దొరుకుతుంది, కళింగపట్నంలో భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉంది. అయితే వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వచ్చే నదులు కనుక, మన దగ్గర చినుకు లేకపోయినా వరద రావచ్చు. గొట్టా బ్యారేజీ, తోటపల్లి బ్యారేజీల నుంచి నీరు వదిలిన తేదీలను దినపత్రికల నుంచైనా రాసుకోవాలి.

బురదా, ఆల్గేనా, ఆల్గే అయితే ఏది

పారదర్శకమైన గాజు సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నింపి, గంటసేపు కదపకుండా ఉంచండి. బురదలో బరువైన భాగం అడుగుకు దిగి పైన నీరు తేటపడుతూ వస్తుంది. ఆల్గే అయితే రంగు నీటిలోనే నిలుస్తుంది, లేదా పైకి తేలుతుంది. ఆ నీటిని తెల్లటి పల్చని గుడ్డలోంచి వడకడితే గుడ్డ మీద మిగిలే మరక రంగు చూడండి. మట్టి మరక వేలితో రుద్దితే గరగరలాడుతుంది, ఆల్గే మరక జిగటగా సాగుతుంది.

మార్చి నుంచి మే వరకు గాలి నిలిచిపోయిన ఎండ రోజుల్లో నీటి మీద రంపపు పొట్టు చల్లినట్టు బూడిద, గోధుమ రంగు పోగులు చారలుగా తేలితే అది చాలావరకు ట్రైకోడెస్మియం అనే రకం. చచ్చేటప్పుడు గులాబీ, ఎరుపు రంగుల్లోకి మారి వాసన వేస్తుంది. ఇది గాలిలోని నత్రజనిని తానే పట్టుకోగలదు. కాబట్టి దీన్ని చూసి యూరియాను తిట్టడం న్యాయం కాదు. వేడి, నిశ్చలమైన నీరు దీనికి అనుకూలం కనుక ఈ రకం విషయంలో ఎండ పాత్రను వెతకడమే సబబు. ఒక చిక్కు ఏమిటంటే, దీని కాలంలోనే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండి ఇంజను బోట్లు కదలవు. ఆ రోజుల్లో సంప్రదాయ తెప్పల మీద వెళ్ళే వారిని అడిగి రాసుకోవాలి.

నీరు టమాటా ఎరుపుగా ఉండి, గాజు సీసాను వెలుతురుకు ఎదురుగా పెడితే అర మిల్లీమీటరు దాకా ఉండే గుండ్రటి నలుసులు కంటికే కనిపిస్తే నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి అనుకోవచ్చు. రాత్రి చీకట్లో ఆ నీటిని బకెట్లో పోసి చేత్తో కలిపితే నీలి వెలుగు మెరుస్తుంది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు నీలంగా వెలిగి జనం చూడడానికి ఎగబడింది ఇలాంటి జీవి వల్లనే. ఇది మనుషులకు విషం కాదు గాని, తనలో అమ్మోనియా నింపుకుని ఉంటుంది. గుంపుగా చచ్చినప్పుడు చేపలకు ఊపిరాడదు. నురగతో సహా గోధుమ రంగుగా, వడకట్టిన గుడ్డ మీద పసుపు గోధుమ మరకగా ఉంటే డయాటమ్‌లు. చాలావరకు భయపడవలసింది లేదు.

ఖాయంగా తేల్చేది సూక్ష్మదర్శిని మాత్రమే. కళాశాల ప్రయోగశాలకు పంపేందుకు ఒక సీసాలో, నమూనా చెడకుండా కాపాడే లూగాల్ అయోడిన్‌ను పలుచటి టీ రంగు వచ్చేదాకా చుక్కలుగా వేసి చీకట్లో ఉంచండి. ఇంకో సీసాలో ఏమీ కలపకుండా సజీవంగా ఉంచి అదే రోజు చూపించండి. నత్రజని, భాస్వరం పరీక్షకు మూడో సీసా వేరుగా తీసి ఐసులో పెట్టాలి. అయోడిన్ వేసినది ఆ పరీక్షకు పనికిరాదు. రంగు తగ్గేవరకు ఆ నీటిలోని ఆల్చిప్పలు, గుల్లలు ఏరుకుని తినకూడదు, ఎందుకంటే కొన్ని రకాల ఆల్గే విషం ఉడికించినా పోదు.

తేదీలను కలిపి చూడడం

ఇక్కడే అసలు పని. వరద రోజున పచ్చదనం వెతకడం వృథా. బురద నీటిలోకి ఎండ దిగదు కాబట్టి పోషకం ఎంత ఉన్నా ఆల్గే పెరగదు. బురద దిగి సెక్కీ లోతు తిరిగి పెరగడం మొదలైన తర్వాత, సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల లోపు రంగు వస్తుంది. అందువల్ల రంగు మారిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఏ వానకు, ఏ పైపాటుకు అది అంటుకుంటుందో చూడాలి. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ వంటి తుపానుల విషయంలో ఇంకో కారణం కూడా కలుస్తుంది. గాలి సముద్రాన్ని చిలికి అడుగు పోషకాన్ని పైకి తెస్తుంది. అప్పుడు నది ఒక్కటే కారణమని రాయకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరో జాగ్రత్త కావాలి. ఆ నెలల్లో తూర్పు తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. మహానది, గంగ వదిలిన మంచినీరు దాంతో పాటు మన ఒడ్డుకు వస్తుంది. మీ నదిలో రెండు వారాలుగా వరద లేకుండా మొగ బయట ఉప్పు శాతం మామూలుకన్నా బాగా పడిపోతే, ఆ నీరు ఎక్కడిదో వేరే చెప్పనవసరం లేదు. ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రవాహం తిరగబడుతుంది, ఒడ్డు వెంట వీచే దక్షిణపు గాలులు అడుగు నీటిని పైకి లాగుతాయి. అప్పుడు ఉష్ణోగ్రత హఠాత్తుగా ఒకటి రెండు డిగ్రీలు తగ్గి, ఉప్పు పెరిగి, తర్వాత పచ్చదనం వస్తే పోషకం పొలం నుంచి వచ్చింది కాదు, లోతు నుంచి వచ్చింది.

హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చేపల లభ్యత సూచనలతో పాటు ఆల్గే పొంగుల సమాచారం కూడా ఇస్తుంది. నాసా వారి వరల్డ్‌వ్యూ పటాల్లో క్లోరోఫిల్ (ఆల్గేలోని పచ్చ పదార్థం) పొరను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అయితే ఒడ్డుకు దగ్గరగా బురద నీటిని ఉపగ్రహం ఆల్గేగా పొరబడడం మామూలు, వానాకాలంలో మేఘాలు అసలు చూడనివ్వవు. కాబట్టి మీ సీసాయే మొదటి సాక్ష్యం, ఉపగ్రహం రెండోది.

ఐదారేళ్ళ పుస్తకంతో వాతావరణం మారిందని చెప్పవద్దు. దానికి ముప్పై ఏళ్ళ రికార్డు ప్రామాణికం, అది వాతావరణ శాఖ దగ్గరే ఉంటుంది. మీ పుస్తకం చెప్పగలిగింది వేరు, నా దృష్టిలో అదే ఎక్కువ విలువైనది. ఎలాంటి వాన తర్వాత, ఎన్ని రోజులకు, ఏ రకం ఆల్గే వస్తుందో అది చెబుతుంది. కుండపోతలు పెరుగుతాయన్న అంచనా పక్కన దాన్ని పెడితే మన మొగ దగ్గర ఏం జరగబోతుందో ఊహించడానికి ఆధారం దొరుకుతుంది.

మన చేతిలో ఉన్నది

ఎండను ఊరి వాళ్ళు తగ్గించలేరు, పోషకాన్ని తగ్గించగలరు. యూరియాను ఒక్కసారే వేయకుండా దమ్ములో, పిలకల దశలో, చిరుపొట్ట దశలో మూడు భాగాలుగా వేయడం వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతున్నదే. దానికి ఇప్పుడు చేర్చవలసింది వాన సూచన. వాతావరణ శాఖ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి తెచ్చిన మేఘదూత్ యాప్‌లో రాబోయే రోజుల వాన చూసి, అల్పపీడనం ఉందంటే పైపాటు వాయిదా వేయాలి. చల్లాక వారం పాటు మడి నీరు గెడ్డలోకి వదలకుండా గట్టు కట్టుకోవాలి. ఆకు రంగు పట్టికతో పైరు పచ్చదనాన్ని పోల్చి చూసి వేస్తే బస్తా ఖర్చే తగ్గుతుంది.

రొయ్యల చెరువు పట్టుబడి చేసేటప్పుడు మేత అవశేషాలు, మలినం ఎక్కువగా ఉండేది అడుగున మిగిలే చివరి నీటిలో. పై నీటిని వదిలినా, ఆ చివరి నీటిని నేరుగా ఉప్పుటేరులోకి వదలకుండా వేరే గుంటలో తేర్చి వదలాలి. నిబంధన ఉన్నా లేకున్నా ఇది పక్క రైతు కోసం చేయవలసిన పని, ఎందుకంటే మీరు నీరు వదిలిన ఉప్పుటేరు నుంచే అతను నీరు తోడుకుంటాడు. పట్టణాల మురుగు సంగతి పెద్దది, మున్సిపాలిటీలు పట్టించుకోవలసినది. మీ పుస్తకంలో ఎండాకాలపు అంకెలు అందుకు పనికొస్తాయి. పొలాలు ఎండి ఉన్న రోజుల్లో గెడ్డలో నత్రజని ఎక్కువగా కనిపిస్తే అది ఎరువుది కాదని చెప్పడం తేలిక.

చేపలు తేలిన రోజున సమాచారం మత్స్యశాఖకు, వీలైతే విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి ఇవ్వండి. తేదీ, సమయం, స్థలం తెలిసేలా ఫొటోలు, మూడు సీసాలు, గత నెల రోజుల పుస్తకం పుటలు జతచేయండి. కర్మాగారం మీద అనుమానం ఉంటే కాలువ కలిసే చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి వేరు వేరు సీసాల్లో పట్టి, కాలుష్య నియంత్రణ మండలికి విడిగా రాయండి. ఎగువ నీటిలోనూ అంతే ఆల్గే ఉండి, తెల్లవారుజామున అంతే తక్కువ ఆక్సిజన్ ఉంటే ఆ ఫిర్యాదు నిలవదు, అది పంపేముందే మీకు తెలిసి ఉండడం మంచిది.